తుపాకీ గొట్టం కోయించాలనుకుంటున్న బద్వేలు రైతుకు

ప్రశ్న: మాది బద్వేలు దగ్గర పల్లె. ఇంటి ముందు నిలబడితే లంకమల కొండ కనపడతాది. పంట కాపలాకని మా నాయనకు ఎప్పుడో ఇచ్చిన లైసెన్సు మీద 12 బోరు సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉంది. నాయనకు 74 ఏండ్లు, చూపు ఆనదు. ఇప్పుడు దాన్ని వాడేది నేనే. గొట్టం 32 అంగుళాలు. అటక మీది నుంచి దించేటప్పుడు జారి పడి మూతి దగ్గర సొట్ట పోయింది. శెనక్కాయ చేలో మంచె మీద కూర్చున్నప్పుడు అంత పొడుగు తుపాకీ తిప్పేదానికి కుదరదు. బండి మీద తీసకపోయేదానికీ కష్టమే. యూట్యూబులో ఒక అమెరికాయన, 18 అంగుళాలకు తగ్గకుండా ఉంటే చట్టం ఒప్పుకుంటుందని చెప్పి తన షెడ్డులోనే కోసి చూపిచ్చినాడు. ప్రొద్దుటూరులో లేత్ షాపాయన గంటలో చేసిస్తానన్నాడు. 20 అంగుళాలు పెట్టి కోయిస్తే ఏమన్నా ఇబ్బందా? ఇంకొకటి. మా మేనమామ పోయినాక ఆయన పెట్టెలో మూరెడు గొట్టం తుపాకీ ఒకటి బయటపడింది. కాగితాలేం లేవు. దాన్ని ఏం చేయమంటారు? (పేరు వేయొద్దన్నారు.)

సమాధానం: లేత్ షాపుకు పోవద్దు. ఇంకా తీసుకుపోలేదు కాబట్టి ఈ మాట చెప్పే అవకాశం దొరికింది, సంతోషం.

మీరు చూసిన వీడియోలో ఆయన అబద్ధం చెప్పలేదు. వాళ్ల దేశం సంగతి చెప్పాడు. అమెరికాలో 1934లో వచ్చిన నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్టు ప్రకారం షాట్‌గన్ గొట్టం 18 అంగుళాలకు, తుపాకీ మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. తుపాకీ మూసినప్పుడు తూటా వెనక భాగం ఆనే చోటు నుంచి మూతి దాకా కొలిస్తే వచ్చేదే గొట్టం పొడవు. ఈ రెండు హద్దులూ దాటనంతవరకు సొంతదారు తన తుపాకీని తానే కోసుకున్నా అక్కడి కేంద్ర చట్టం అడ్డు చెప్పదు. హద్దు దాటాలంటే మాత్రం ముందుగా కేంద్ర సంస్థకు దరఖాస్తు పెట్టుకుని అనుమతి తెచ్చుకోవాలి. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. మొత్తం మీద అక్కడ చూసేది కోసిన తర్వాత మిగిలిన పొడవును.

మన చట్టం అలా లేదు. 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ తుపాకీ గొట్టాన్ని కురచ చేయడాన్నే పట్టుకుంటుంది. ఆ పనికని విడిగా ఇచ్చిన లైసెన్సు లేకుండా ఎవరూ గొట్టం కోయకూడదు. 32 అంగుళాలది 30 చేసినా, 28 చేసినా, మీరన్నట్టు 20 దగ్గర ఆపినా ఆ సెక్షన్ కింద తప్పే. ఇన్ని అంగుళాల వరకు ఫరవాలేదన్న మినహాయింపు అందులో లేదు. సొట్ట పోయిన మూతి వరకే తీయించాం అన్నా, రైతుకు అవసరం పడింది అన్నా ఒప్పుకోదు. మీ నాయన లైసెన్సు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చినది, దాన్ని కోయడానికి ఇచ్చినది కాదు.

శిక్ష ఎంతో తెలిస్తే లేత్ షాపాయన కూడా గంటలో చేసిస్తానని అనడు. ఆరో సెక్షన్‌కు విరుద్ధంగా గొట్టం కోస్తే 25(1) సెక్షన్ కింద కేసు పెడతారు. మొన్నమొన్నటి దాకా దానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు ఉండేది. 2019లో చట్టాన్ని సవరించి కనీస శిక్షనే ఏడేళ్లు చేశారు. గరిష్ఠం యావజ్జీవం. జరిమానా దీనికి అదనం. చాలామందికి పాత లెక్కలే గుర్తున్నాయి, ప్లీడర్లలో కూడా. లేత్ ఆయనకు విడిగా ఇంకో చిక్కు ఉంది. తుపాకీ బాగుచేయడానికైనా, మార్చడానికైనా ఐదో సెక్షన్ కింద లైసెన్సు ఉన్నవాళ్లకే అధికారం. మోటారు షాఫ్టులు, బోరు పైపుల పని చేసుకునే మనిషి మీ తుపాకీని మిషనుకు బిగించిన నిమిషంలోనే నేరస్థుడవుతాడు. డబ్బుకు ఆశపడి కాదు, తెలియక ఒప్పుకుని ఉంటాడు. ఆయనకు కూడా ఈ సంగతి చెప్పండి.

మరి 20 అంగుళాలన్న అంకె మీ చెవిన ఎక్కడ పడింది? అది ఉత్త పుకారు కాదు. ఇదే చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. ఆత్మరక్షణకో క్రీడలకో నున్నటి గొట్టం (లోపల గాళ్లు లేని) తుపాకీకి లైసెన్సు అడిగితే, ఆ గొట్టం 20 అంగుళాలకు తగ్గకుండా ఉండాలంటుంది. పంట కాపలాకైతే ముందు మూతి నుంచి మందు కూరే తుపాకీకి ఇవ్వాలని, అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే వేరే నున్నటి గొట్టం తుపాకీకి ఇవ్వొచ్చని కూడా అక్కడే ఉంది. మీ నాయనకు సింగిల్ బ్యారెల్ బ్రీచ్ లోడర్‌కు, అంటే వెనక నుంచి తూటా పెట్టే తుపాకీకి, లైసెన్సు దక్కింది ఆ దారిలోనే అయ్యుంటుంది. పోలీసు కాగితాల్లో ఎస్‌బీబీఎల్ అని రాసేది దీన్నే. 2016 ఆయుధాల నియమాల్లో 20 అంగుళాలకు లోపు గొట్టం ఉన్నవాటిని మొదటి కేటగిరీలో పెట్టారు. మామూలు రైతు చేతిలో ఉండే తుపాకీలతో వాటిని కలపలేదు. అంటే 20 అంగుళాలనేది ఎలాంటి తుపాకీకి లైసెన్సు దొరుకుతుందో చెప్పే హద్దు. అంతవరకు కోసుకోవచ్చన్న అనుమతిగా దాన్ని చదువుకోవద్దు.

చట్టం దీన్ని ఇంత గట్టిగా ఎందుకు పట్టుకుందో మన జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొడుగు తుపాకీ భుజాన వేసుకుని పోతే ఊరంతా చూస్తుంది. కురచది కండువా కింద పోతుంది, జీపు సీటు కింద పోతుంది. ఫ్యాక్షన్ రోజులు చూసిన కడప, కర్నూలు, అనంతపురంలో కోసిన గొట్టం కంటబడితే ఎస్సై ముందుగా అడిగేది మీ శెనక్కాయ చేను గురించి కాదు. ఎవరి మీదికని అడుగుతాడు. పాత కక్షలు మానుకుని పిల్లల్ని చదివించుకుంటున్న ఎన్నో ఇండ్లు ఉన్నాయి మన దగ్గర. అలాంటి ఇంటి మీదికి మూతి దగ్గర సొట్ట కోసం ఇంత చేటు తెచ్చుకోవడం నా మనసుకు అస్సలు ఒప్పదు.

చట్టబద్ధంగా చేయించుకునే దారి లేదా అంటే, ఉంది. ఆరో సెక్షన్ లైసెన్సుతో అనే అంటోంది కదా. లైసెన్సు అధికారికి, అంటే జిల్లా మెజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు, కారణం చూపి అర్జీ పెట్టాలి. ఆ లైసెన్సు చేతికొచ్చాకే, మరమ్మతు లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు చేత పని చేయించాలి. తర్వాత మీ లైసెన్సులో తుపాకీ వివరాలు మార్పించుకోవాలి, కాగితంలో ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకటే అయ్యేట్టు. మంచె మీద తిప్పడానికి కుదరడం లేదన్న కారణానికి ఆ అనుమతి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. నన్నడిగితే ఆ అర్జీ కూడా వద్దంటాను. కోయించడం వల్ల మీకు ఒరిగేది తక్కువ, పోయేది ఎక్కువ. ఎట్లాగో చెప్తాను.

12 బోరు గొట్టం మొదలు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉండదు. చాలా తుపాకీల్లో చివరి రెండు మూడు అంగుళాల్లో లోపలి దారి వెంట్రుకవాసి సన్నబడుతుంది. దాన్నే చోక్ అంటారు. పొలం గట్టున పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు చెదరకుండా దూరం పోతాయే, గుళ్ల విషయంలో చోక్ చేసే పని అలాంటిదే. ఫుల్ చోక్ ఉన్న గొట్టం 40 గజాల దూరంలో 30 అంగుళాల గుండ్రంలో నూటికి 70 గుళ్ల దాకా పడేస్తుంది. చోక్ లేని గొట్టం 40 గుళ్ల దగ్గరే ఆగిపోతుంది. కోత పడేది మూతి వైపు నుంచి కాబట్టి మొట్టమొదట పోయేది చోకే. మీ 32 అంగుళాల గొట్టాన్ని 30 చేసినా పోతుంది, 20 చేసినా పోతుంది. తర్వాత మీరు గురిపెట్టిన చోటికి సగానికి సగం గుళ్లు చేరవు. మిగిలినవి చేనులో ఎవరి కాలికో, ఏ బర్రెకో తగులుతాయి. చీకట్లో అదెంత ప్రమాదమో ఆలోచించండి. గుళ్ల వేగం మాత్రం అంతగా తగ్గదు. మందు చాలావరకు గొట్టం మొదటి సగంలోనే కాలిపోతుంది కాబట్టి అంగుళానికి సెకనుకు కొన్ని అడుగుల చొప్పున పడిపోతుంది, అంతే. కానీ మోత చెవికి దగ్గరవుతుంది, మూతి మంట పెరుగుతుంది. ముందు బరువు తగ్గి తుపాకీ ఎగిరి భుజం మీద గట్టిగా తంతుంది. కట్టెతో పాటు తూకం చూసి చేసిన తుపాకీ అది.

బండి మీద మోసుకుపోవడమే కష్టమైతే ఇంత దూరం పోనక్కర్లేదు. మడిచే తుపాకీ కాబట్టి ముందు కట్టె ఊడదీస్తే గొట్టం వేరు, కట్టె వేరు అవుతాయి. రెండూ ఒక గుడ్డసంచిలో పడతాయి. మీ నాయన కాలంలో బస్సుల మీద అట్లాగే తీసుకుపోయేవాళ్లు. తూటాలు వేరే సంచిలో, లైసెన్సు జేబులో ఉండాలి.

ఇప్పుడు సొట్ట సంగతి. ఆ తుపాకీ ఇక పేల్చొద్దు. సొట్ట చిన్నదే అనిపిస్తుంది, కానీ గుళ్లు ఆ ఇరుకు చోట తట్టుకుంటే గొట్టం ఉబ్బుతుంది, చీలినా చీలుతుంది. పగటిపూట తూటా లేదని రెండుసార్లు చూసుకుని, తుపాకీ మడిచి వెనక వైపు నుంచి ఆకాశం కేసి చూడండి. గొట్టం లోపల వెలుతురు గుండ్రంగా, రింగులు రింగులుగా కనపడాలి. ఎక్కడైనా నీడ పడి ఆ గుండ్రం చెడితే సొట్ట లోపలిదాకా దిగిందన్నట్టే. ఎన్నాళ్లో అటక మీద ఉన్న తుపాకీ అంటున్నారు కాబట్టి ఇంకొకటి కూడా చూసుకోండి. కుమ్మరి పురుగు గొట్టంలో మట్టి గూడు పెడుతుంది. చూడకుండా పేలిస్తే గూడు కట్టిన గొట్టం పగిలి ముఖం మీదికి వస్తుంది. వెలుతురు కేసి చూస్తే అది నల్లటి ముద్దలా తెలిసిపోతుంది. కట్టెపుల్లకు గుడ్డ చుట్టి తోసేయొచ్చు. తూటా గది పొడవు కూడా చదవండి, గొట్టం అడుగున ముద్ర వేసి ఉంటుంది. పాత తుపాకీలకు 65 మిల్లీమీటర్ల గదులు చాలావాటికి ఉన్నాయి. వాటిలో 70 మిల్లీమీటర్ల తూటా పడుతుంది కానీ, పేలేటప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ముద్ర చూడకుండా తూటా కొనొద్దు.

సొట్టను లోపల నుంచి గట్టి గుండు తోసి పైకి లేపి సరిచేయడం మరమ్మతు లైసెన్సు ఉన్న, తుపాకీ పని తెలిసిన మేస్త్రీకి చేతనవుతుంది. గొట్టం పొడవు తగ్గదు, చట్టానికి అడ్డం రాదు. చేయలేనంతగా ఉంటే అది చెప్పేది కూడా ఆయనే. అక్కడికి తుపాకీని ఎవరు తీసుకుపోవాలి? మూడో సెక్షన్‌లో మీలాంటి వాళ్ల కోసమే ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు పక్కన ఉన్నా, ఆయన రాసిచ్చిన కాగితం ఉన్నా, మరమ్మతుకో లైసెన్సు రెన్యువలుకో తుపాకీని వేరొకరు తీసుకుపోవచ్చు. కాబట్టి నాయన చేత ఒక తెల్లకాగితం మీద రాయించండి. ఫలానా నంబరు తుపాకీ, ఫలానా నంబరు లైసెన్సు, మరమ్మతు కోసం ఫలానా డీలరు దగ్గరికి నా కొడుకు తీసుకుపోతున్నాడని రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. అసలు లైసెన్సు వెంట పెట్టుకోండి. అప్పజెప్పినప్పుడు రసీదు అడిగి తీసుకోండి.

ఇక్కడ మీరు అడగకున్నా చెప్పాల్సినది ఒకటుంది. ‘ఇప్పుడు దాన్ని వాడేది నేనే’ అని రాశారు. లైసెన్సు మీ పేర లేనప్పుడు నాయన పక్కన లేకుండా చేనులో మీరు ఆ తుపాకీ పట్టుకుని కూర్చోవడం కూడా నేరమే. కోత సంగతి వినగానే భయపడే వాళ్లు దీన్ని పట్టించుకోరు. మన పల్లెల్లో తుపాకీ ఇంటి ఆస్తిలాగా చేతులు మారుతుంది, చట్టం దృష్టిలో మాత్రం అది ఒక మనిషి పేరుతోనే ఉంటుంది. మీకు దారి ఉంది కూడా. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏండ్లు నిండినా, ఆయుధం 25 ఏండ్లుగా తన దగ్గర ఉన్నా, తన వారసుడి పేరు చెప్పి ఆ వారసుడికి లైసెన్సు ఇవ్వమని కోరవచ్చు. 74 ఏండ్ల మీ నాయనకు ఆ హక్కు ఉంది. మీరు ఆయుధం భద్రంగా వాడే శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ పెట్టాలి, స్టేషన్ నుంచి పోలీసు విచారణ నివేదిక పోవాలి. ఆ లైసెన్సు పుస్తకంలో యూఐఎన్ నంబరు ఉందో లేదో ఇవాళే చూడండి. జాతీయ ఆయుధ లైసెన్సుల జాబితాలో ఎక్కిన నంబరు అది, లేకుంటే ఆ లైసెన్సుకు విలువ లేదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు.

మీకు లంకమల కనపడుతుందని రాశారు. అది ఉత్త కొండ కాదు, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం. లోకంలో లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది మన కడప చిట్టడవుల్లోనే. వన్యప్రాణి రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్సుదారులు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. మీ పేర లైసెన్సు అడిగేటప్పుడు ఈ మెలిక పడుతుంది, అందుకే ఊరు అభయారణ్యం హద్దుకు ఎంత దూరమో అటవీ రేంజి ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి. తుపాకీతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు, పంది ఆ వైపుకు పారిపోయినా సరే.

అడవి పంది మీద తుపాకీ పేల్చడానికి కూడా మీ లైసెన్సు ఒక్కటే చాలదు. వన్యప్రాణి రక్షణ చట్టానికి చేసిన 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, ఉంది. నిలిచి ఉన్న పంటను పాడుచేస్తున్నా సరే, అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే కాల్చాలి. ఊడలు దిగి కాయ గట్టిపడే రోజుల్లో ఒక్క రాత్రిలో నాలుగు పందులు చాళ్లకు చాళ్లు తిరగేసిపోతే ఆ రైతు కడుపు ఎంత మండుతుందో నాకు తెలుసు. కోపం న్యాయమైనదే. ఆ కోపంలో కరెంటు తీగ మాత్రం లాగొద్దు, తెల్లారి నీళ్లకు పోయిన మనుషులు దానికి తగిలి చచ్చిపోతున్నారు. బ్యాటరీతో దెబ్బకొట్టే సోలార్ ఫెన్సింగు వేరు, అది ప్రాణం తీయదు. నలుగురు రైతులు కలిసి ఒకే వరసలో వేసుకుంటే ఖర్చు పంచుకున్నట్టూ అవుతుంది.

చివరగా మీ మేనమామ పెట్టెలో దొరికినది. మూరెడు గొట్టం అంటే 18 అంగుళాల దగ్గర. దాన్ని మీరు కోయలేదు, కొనలేదు, కానీ తెలిసి ఇంట్లో ఉంచుకున్న ప్రతి రోజూ అది మీ దగ్గర ఉన్న ఆయుధమే. బావిలో పారేయడం, పొలంలో పాతిపెట్టడం, ఎవరికో ఇచ్చేయడం, ఇవేవీ చేయొద్దు. అది రేపు ఏదో కేసులో బయటపడితే మొదటి ప్రశ్న మీకే వస్తుంది. దాన్ని మడవొద్దు, తుడవొద్దు, ఇంకొకరి చేతికి ఇవ్వొద్దు. ఆ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. బద్వేలు కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ప్లీడరును రేపే కలిసి, మేనమామ మరణ ధ్రువపత్రం నకలు జతచేసి, ఆయనకు మీరేమవుతారో, పెట్టె ఎప్పుడు ఎవరి ఎదుట తెరిచారో రాయించండి. ప్లీడరును వెంటబెట్టుకుని స్టేషనుకు పోయి అప్పజెప్పి రసీదు తీసుకోండి. తుపాకీ మీరే మోసుకుపోకుండా, ముందు కబురు పెట్టి పోలీసుల్నే ఇంటికి పిలిపించుకుని పంచనామా రాయించడం ఇంకా మేలు. ప్లీడరుకు ఈ మాట మీరే చెప్పండి. పెట్టె తెరిచినప్పుడు పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురిని కూడా ఆ రోజు ఇంట్లో ఉండమనండి.